గైడ్ తెరవకుండా పాత్ ఆఫ్ ఎగ్జైల్ నేర్చుకోవడం

తణుకులో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర దస్తావేజులు రాయడం నా వృత్తి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ‘చెట్టు చేమలతో సహా’ అన్న ఒక్క మాట రాయడం మరిచినందుకు గట్టు మీది కొబ్బరిచెట్ల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా మాట మాటా చదవడం అలవాటైపోయింది. నాకు పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే కంప్యూటర్ ఆట నేర్పింది ఆ అలవాటే.

ఆట గురించి కొద్దిగా చెప్పాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉన్న గ్రైండింగ్ గేర్ గేమ్స్ వాళ్లు దీన్ని 2013 అక్టోబరు 23న విడుదల చేశారు. డబ్బు కట్టనక్కర్లేదు. రేక్లాస్ట్ అనే దేశానికి బహిష్కరించిన మనిషిగా సముద్రపు ఒడ్డున కళ్లు తెరుస్తాం. పది అంకాల కథ. తర్వాత మ్యాపులనే అంతులేని భాగం. చంపడం, ఏరుకోవడం, బలపడడం, మళ్లీ చంపడం. చెప్పుకోవడానికి ఇంతే. కానీ లోపల పాసివ్ ట్రీ అని ఒక చెట్టుంది. దానిలో పదమూడు వందలకు పైగా చుక్కలు, పాయింటు పెడితే ఒక్కొక్కటీ మన పాత్రకు ఒక లాభం ఇస్తుంది. చివరి లెవెల్‌కు చేరినా మన చేతికొచ్చే పాయింట్లు సుమారు 120. వాటిని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. అందుకే చాలామంది మొదటి రోజే గైడ్ తెరుస్తారు, అంటే ఏ చుక్క ఎప్పుడు తీసుకోవాలో ఎవరో రాసిపెట్టిన కాగితం.

నేనూ తెరిచాను. మా అన్నయ్య కొడుకు వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆటను నా కంప్యూటర్లో పెట్టి, “సొంతంగా ఆడితే మునిగిపోతావు అత్తా, ఇది పెట్టుకో” అంటూ ఒక గైడ్ ఇచ్చాడు. దాన్ని చూసి చుక్క తర్వాత చుక్క నింపుకుంటూ పోయాను. రాని లిపిలోని దస్తావేజుకు నకలు రాసినట్టుగా ఉండేది. అయిదో అంకం చివర కిటావా అనే రాక్షసుడి దగ్గర పదే పదే చచ్చిపోయాను. నేను ఎందుకు చస్తున్నానో గైడ్‌లో లేదు. ఎలా ఉంటుంది, అది రాసిన మనిషి నన్ను చూడలేదు కదా. పైగా కొన్ని నెలలకొకసారి కొత్త లీగ్, అంటే అందరూ మళ్లీ మొదటి నుంచి ఆడే కొత్త విడత వస్తుంది, అంకెలు మారతాయి. నిరుడు రాసిన మాట ఈ ఏడు చెల్లదు. ఆ పాత్రను పక్కన పెట్టి, విచ్ అనే మంత్రగత్తె పాత్రతో మళ్లీ సముద్రపు ఒడ్డునే మొదలుపెట్టాను. ఈసారి పక్కన రెండు వందల పేజీల నోటుపుస్తకం తప్ప ఏమీ లేదు. పది అంకాలూ దాటడానికి నాలుగు నెలలు పట్టింది. రాత్రి వంటిల్లు సర్దాక గంట, గంటన్నర. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఆడలేదు. ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న పద్ధతే ఇది.

ముందు ఒక నియమం పెట్టుకోండి. ఆట లోపల కనిపించేదంతా మీదే, బయటిదేదీ వద్దు. ఆటలోని సహాయ పుటలు చదవచ్చు. ప్రతి వస్తువు మీద రాసినదీ చదవచ్చు. వెతుకు పెట్టెలు వాడుకోవచ్చు. హార్డ్‌కోర్ మాత్రం ఎంచుకోవద్దు. అందులో ఒక్కసారి చస్తే ఆ పాత్ర ఆ లీగ్ నుంచి పోయినట్టే. మామూలు పద్ధతిలో మొదటి అయిదు అంకాల్లో ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ పెంచే అనుభవంలో కోత ఉండదు. ఆరో అంకం నుంచి చావుకు 5 శాతం, మ్యాపుల్లో 10 శాతం పోతుంది. అంటే మొదటి అయిదు అంకాలూ మనకు ఇచ్చిన బడి. అక్కడ తప్పులు చేయడానికి వెనకాడకండి.

ఇక ఒకే ఒక్క స్కిల్ ఎంచుకోండి. ఈ ఆటలో స్కిల్ అంటే జెమ్, రంగు రాయి. చొక్కాకో టోపీకో ఉన్న సాకెట్ అనే గుంటలో దాన్ని పొదిగితేనే ఆ విద్య మనకు వస్తుంది. జెమ్ మీద మౌసు పెడితే పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది. స్పెల్, అటాక్, మినియన్, ప్రొజెక్టైల్, ఫైర్, ఇలా. వీటిని ట్యాగులంటారు. చాలామంది కళ్లు ఆ వరుసను దాటి కింది అంకెల మీదికి పోతాయి. దస్తావేజులో హద్దుల షెడ్యూలు ఎలాంటిదో ఈ వరుస అలాంటిది. ఏ లాభం ఈ స్కిల్‌కు చెందుతుందో, ఏది చెందదో ఇక్కడే మొదలవుతుంది.

మొదలవుతుంది అన్నాను, తేలిపోతుంది అనలేదు. ఎందుకో చెబుతాను. నేను ఎంచుకున్నది రెయిజ్ జాంబీ. శవాన్ని లేపి మన వెంట నడిపించే విద్య. దాని ట్యాగుల్లో స్పెల్ (మంత్రం) ఉంది, మినియన్ (మన తరఫున పోరాడే జీవి) కూడా ఉంది. స్పెల్ అని ఉంది కదా అని పాసివ్ ట్రీలో ‘స్పెల్ డ్యామేజ్’ పెంచే చుక్కలు ఏడో ఎనిమిదో తీసుకున్నాను. రెండో అంకం ఎలాగో గడిచింది. మూడో అంకంలో సార్న్ నగరం వీధుల్లో నా జాంబీలు కొడుతూనే ఉన్నాయి, ఎదుటివాళ్లు మాత్రం పడడం లేదు. ఆ రాత్రి ఆట ఆపేసి, తీసుకున్న ప్రతి చుక్క మీదా ఉన్న వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాస్తుంటే కనిపించింది. శవాన్ని లేపే మంత్రం నాది, ఆ పని స్పెల్. లేచాక కొట్టే చెయ్యి నాది కాదు, జాంబీది. నా స్పెల్ డ్యామేజ్ నా పేరున ఉన్న ఆస్తి. ‘మినియన్లు’ అని పేరు పెట్టి రాసిన వాక్యమే వాటికి చెందుతుంది. నేను తీసుకున్న చుక్కల్లో ఒక్కదానిలోనూ ఆ మాట లేదు.

క్వెస్టులు చేసినందుకు దొరికిన రిఫండ్ పాయింట్లతో ఆ చుక్కలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను. తర్వాత పాసివ్ ట్రీలోని వెతుకు పెట్టెలో ‘మినియన్’ అని టైపు చేశాను. ఆ మాట ఉన్న చుక్కలన్నీ చెట్టంతటా వెలిగాయి. దీపావళి రాత్రి మేడ మీది నుంచి ఊరిని చూసినట్టు ఉంది. గైడ్ కావాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు చూపించేది ఆ పెట్టెనే. మీ స్కిల్ ట్యాగులను ఒక్కొక్కటిగా అందులో వేసి చూడండి, చెట్టే దారి చూపిస్తుంది. వెలిగిన గుంపుల్లో దగ్గరి రెండు మూడింటిని గుర్తుపెట్టుకుని, వాటికి వెళ్లే దారిలో జీవం పెంచే చుక్కలు ఉంటే తీసుకుంటూ పోండి. చెట్టు మొత్తానికి ప్రణాళిక వేయాలని కూర్చోవద్దు. అది నెల రోజులు తినేస్తుంది.

స్కిల్ జెమ్‌కు తోడు బలమిచ్చే సపోర్ట్ జెమ్‌ల లెక్క వేరు. ఒకే వస్తువులో గీతతో కలిసిన సాకెట్లలో పెడితే వాటి బలం ఆ స్కిల్‌కు చేరుతుంది. జాంబీ జెమ్ పక్కన, గీత కలిసేలా, చేతి దెబ్బల బలం పెంచే సపోర్ట్ జెమ్ పెడితే అది జాంబీలకే పోతుంది. చుక్క ద్వారా రాని లాభం గీత ద్వారా వచ్చింది. గీత లేకుండా పక్క పక్క సాకెట్లలో పెట్టి, పనిచేయడం లేదని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. గీత ఉందో లేదో ముందు చూడండి.

ఇప్పుడు ఈ ఆటలోని రెండు ముఖ్యమైన మాటలకు వస్తాను. వీటి కోసమే ఇదంతా రాయాలనిపించింది. ఒకటి ‘ఇంక్రీజ్డ్’, ఇంకొకటి ‘మోర్’. తెలుగులో చెప్పబోతే రెండూ ‘ఎక్కువ’ అనే వస్తాయి. ఆటలో ఈ రెండూ వేరు, వేరంటే ఎకరానికీ సెంటుకూ ఉన్నంత తేడా.

‘ఇంక్రీజ్డ్’ అని రాసినవన్నీ ముందు తమలో తాము కూడుకుని, ఆ మొత్తం ఒక్కసారి అసలుకు పడుతుంది. ‘మోర్’ అని రాసింది అప్పటికి తేలిన మొత్తాన్ని విడిగా గుణిస్తుంది. కాగితం మీద చేసి చూద్దాం. అసలు దెబ్బ 100 అనుకోండి. అక్కడా ఇక్కడా కలిపి 150 శాతం ఇంక్రీజ్డ్ ఇప్పటికే ఉంది. దెబ్బ 250 అయింది. ఇప్పుడు ఒక చుక్క 20 శాతం ఇంక్రీజ్డ్ ఇస్తానంటుంది. తీసుకుంటే 150కి 20 కలిసి 170, దెబ్బ 270. మీకు నిజంగా పెరిగింది 250 మీద 20, అంటే 8 శాతమే. అదే సమయంలో ఒక సపోర్ట్ జెమ్ 20 శాతం మోర్ ఇస్తానంటుంది. 250ని 1.2తో గుణిస్తే 300. రెండు చోట్లా రాసిన అంకె ఇరవయ్యే. ఒకచోట దక్కింది 20, ఇంకొకచోట 50.

ఈ లెక్క మీ చేత్తో మీరు వేయండి. నా మాట మీద నమ్మితే గైడ్ మీద నమ్మినట్టే అవుతుంది. జెమ్ తీసి స్కిల్ అంకె రాసుకోండి, పెట్టి రాసుకోండి. చుక్క తీసుకునే ముందు, తీసుకున్న తర్వాత రాసుకోండి. నాలుగు వరుసలు రాసేసరికి మీకే తెలిసిపోతుంది. వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతుందో తెలిసిన ఇళ్లలో పుట్టినవాళ్లం, ఇది మనకు కష్టం కాదు. ‘రెడ్యూస్డ్’, ‘లెస్’ అనే జంటకూ ఇదే సూత్రం, దిశ మాత్రం కిందికి.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. ‘రీసెంట్లీ’ అంటే మనకు నిన్నా మొన్నా. ఆటలో దాని అర్థం గడిచిన నాలుగు సెకన్లు, కచ్చితంగా అంతే. ‘హిట్’ అంటే ఒక్కసారిగా తగిలే దెబ్బ. కాలుతున్న నేల మీద నిలబడితే కరిగే జీవం హిట్ కాదు, అందుకే కవచం బలం అక్కడ అక్కరకు రాదు. ఎవేజన్ అటాక్‌లను తప్పిస్తుంది, మంత్రాలను తప్పించదు. చెట్టులో కీస్టోన్లని పెద్ద చుక్కలుంటాయి. వాటిలో లాభం వాక్యం పక్కనే షరతు వాక్యం ఉంటుంది. కేయాస్ ఇనాక్యులేషన్ అనే కీస్టోన్ కేయాస్ అనే రకం దెబ్బ అసలు తగలకుండా చేస్తుంది, అదే చేత్తో మీ గరిష్ఠ జీవాన్ని 1 చేసేస్తుంది. రెండో వాక్యం చదవకుండా సంతకం పెట్టేవాళ్లు మా దగ్గరా వస్తుంటారు. వాళ్లను ఆపి మరీ చదివి వినిపిస్తాను. ఇక్కడ ఆ పని మీకు మీరే చేసుకోవాలి.

ఇక చావుల సంగతి. నోటుపుస్తకంలో సగం పేజీలు వీటికే పోయాయి. చచ్చిన వెంటనే మళ్లీ పరుగెత్తవద్దు. ఊళ్లో నిలబడి మూడు ముక్కలు రాయండి. ఎవరు చంపారు, చావబోయే ముందు తెర మీద ఏం కనిపించింది, నా ఒంటికి ఏం జరిగింది. తర్వాత ఒక్క మార్పు, ఒకే ఒక్కటి చేసి వెళ్లండి. మూడు మార్పులు ఒకేసారి చేసి గెలిస్తే, గెలిపించింది ఏదో ఎప్పటికీ తెలియదు.

మొదటి అంకం చివర సముద్రపు గుహలో మెర్వీల్ అనే రాక్షసి ఉంటుంది. అక్కడ నేను తొమ్మిదిసార్లు చచ్చాను. మొదటి నాలుగు చావులకు నా పుస్తకంలో ‘బలం చాలలేదు’ అనే ఉంది. అది గమనించిన విషయం కాదు, ఊహ. అయిదో చావు దగ్గర మొదటిసారి సరిగ్గా చూశాను. “నీలం వెలుగు. నా నడక మందగించింది. తప్పుకోలేకపోయాను” అని రాసుకున్నాను. నడక ఎందుకు మందగిస్తుంది? చలికి. సీ మీట నొక్కితే మన పాత్ర లెక్కలన్నీ ఉండే పట్టిక వస్తుంది. దాన్లో ఫైర్, కోల్డ్, లైట్నింగ్, కేయాస్ అని నాలుగు రెసిస్టెన్స్‌లు, అంటే ఆ రకం దెబ్బను తట్టుకునే శక్తి. నా కోల్డ్ రెసిస్టెన్స్ సున్నా. అంటే మెర్వీల్ విసిరిన చలి మొత్తం, తరుగు లేకుండా, నా మీద పడుతోంది.

ఏరుకున్న వస్తువుల్లో సఫైర్ రింగ్ ఒకటి దొరికింది. దాని మీద కోల్డ్ రెసిస్టెన్స్ 27 శాతం. అది పెట్టుకుని వెళ్లి చచ్చాను, కానీ ఈసారి ఆమె జీవం సగానికి పైగా తీశాక. ఇంకొక సఫైర్ రింగ్ కోసం వెనక్కి వెళ్లి రెండు గుహలు మళ్లీ తిరిగాను. రెండూ కలిపి 52 అయింది. వంద దెబ్బ ఇప్పుడు 48. జాంబీలు మారలేదు, జెమ్‌లు మారలేదు, నా చేతి వేగమూ మారలేదు. మారినవి రెండు ఉంగరాలు. పదోసారి మెర్వీల్ పడిపోయింది. కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఎవరో చెప్పిన ఉంగరమైతే ఆ సంతోషం ఉండేది కాదు.

ఆ రాత్రి పట్టికను ఇంకాసేపు చూశాను. రెసిస్టెన్స్‌కు పై హద్దు 75 శాతం. 60 నుంచి 75కు పెంచితే పదిహేనే కదా అనిపిస్తుంది. ఒంటికి తగిలే దెబ్బ మాత్రం 40 నుంచి 25కు దిగుతుంది. హద్దు దగ్గరికి చేరేకొద్దీ ఒక్కొక్క శాతం విలువ పెరుగుతుంది. అందుకే ఫైర్, కోల్డ్, లైట్నింగ్ మూడింటినీ 75కు తేవడం నా మొదటి పని అయింది. ఏ వస్తువు దొరికినా జీవం ఉందా, రెసిస్టెన్స్ ఉందా అని ముందు చూస్తాను, మిగతాది తర్వాత. కొట్టే బలం పెంచుకోవడం సరదాగా ఉంటుంది, నిజమే. బతికి ఉంటేనే నేర్చుకుంటామని నా అభిప్రాయం, దాని మీద నేను రాజీపడను.

కిటావాను దాటాక ఈ పట్టికలోనే ఇంకొక సంగతి తేలింది. అయిదో అంకంలో అతణ్ణి ఓడించాక రెసిస్టెన్స్‌లన్నీ 30 చొప్పున శాశ్వతంగా తగ్గిపోతాయి. పదో అంకం చివర మళ్లీ అతడే, మళ్లీ 30. మొత్తం 60. అంటే పట్టికలో 75 కనిపించాలంటే వస్తువులూ చుక్కలూ కలిపి 135 ఇవ్వాలి. గైడ్ పట్టుకుని ఆడినప్పుడు నాకు ఈ పట్టిక ఎక్కడుందో కూడా తెలియదు. అయిదో అంకంలో కొత్త వస్తువులు దొరికినప్పుడే ఒకటి రెండు రెసిస్టెన్స్ ఉన్నవి స్టాష్ పెట్టెలో దాచుకోండి, ఆరో అంకం మొదట్లో అవసరపడతాయి.

ఫ్లాస్కుల గురించి, అంటే తాగితే జీవం నింపే సీసాల గురించి చిన్న మాట. శత్రువులను చంపితే నిండుతాయి, ఊరికి వెళ్లినా నిండుతాయి. బాస్ ఒక్కడే ఉన్నచోట నిండే దారి తక్కువ, కాబట్టి ఆ తలుపు దాటే ముందే నింపుకుని వెళ్లండి.

డబ్బు విషయంలో ఈ ఆట నాకు ఎంతో నచ్చింది. ఆటగాళ్ల మధ్య బేరానికి నాణేలు ఉండవు, ఆర్బులనే మంత్రపు వస్తువులే నడుస్తాయి. ఆ ఆర్బే పనిముట్టు కూడా. వస్తువు పేరు రంగే దాని స్థాయి: తెల్లది మామూలు, నీలం దానికంటే మేలు, పసుపు ఇంకా మేలు. ఆర్బ్ ఆఫ్ ట్రాన్స్‌మ్యుటేషన్ తెల్ల వస్తువును నీలం చేస్తుంది. ఆర్బ్ ఆఫ్ ఆల్కెమీ తెల్లదాన్ని పసుపు చేస్తుంది. కొత్తవాళ్లు చిన్న ఆర్బులను కూడా ధాన్యం గాదెలో పోసినట్టు పోసి ఉంచుతారు. అవసరమైనచోట వాడండి. వాడితేనే ఏ ఆర్బ్ ఏం చేస్తుందో చేతికి తెలుస్తుంది. వ్యాపారి కిటికీలో ఇంకొక పాఠం ఉంది. వస్తువును అమ్మకానికి పెట్టగానే బదులుగా ఏమిస్తాడో ముందే చూపిస్తాడు, ఒప్పుకునేదాకా బేరం కుదిరినట్టు కాదు. కాబట్టి ఏవేవో కలిపి పెట్టి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు సాకెట్లూ గీతతో కలిసిన వస్తువు పెడితే క్రోమాటిక్ ఆర్బ్ ఇస్తానంటాడు. అది సాకెట్ల రంగులు మారుస్తుంది. ఇది నాకు ఒక పాత చొక్కా అమ్మబోతుంటే కనిపించింది. అప్పటి నుంచి ఆ మూడు రంగులున్న ఏ గుడ్డ ముక్కనూ నేల మీద వదలలేదు.

చాట్ పెట్టెలో స్లాష్ పెట్టి డెత్స్ అని టైపు చేస్తే ఆ పాత్ర ఎన్నిసార్లు చచ్చిందో చెబుతుంది. పదో అంకం దాటిన రాత్రి నాకు 143 అని వచ్చింది. పుస్తకంలో లెక్కపెడితే 121 ఉన్నాయి. రాయకుండా పరుగెత్తినవి 22 అన్నమాట. వాటిలో ఎక్కువ ఎనిమిదో అంకంలోనివని ఊహిస్తున్నాను, ఎందుకంటే ఆ పేజీల్లో ఒకే బాస్ పేరు వరుసగా ఉంది, పక్కన గడులు ఖాళీగా ఉన్నాయి.

ఇప్పుడు రెండో పాత్ర మొదలుపెట్టాను. ఈసారి మరాడర్, చేత్తో గొడ్డలి పట్టేవాడు. ఒకే లీగ్‌లోని పాత్రలన్నింటికీ స్టాష్ పెట్టె ఉమ్మడిది. విచ్‌తో ఆడినప్పుడు ఒక అర ఖాళీ చేసి రూబీ రింగులు రెండు, టోపాజ్ రింగులు రెండు, ఆ పాత సఫైర్ రింగులు రెండూ అందులో పెట్టి ఉంచాను. నిన్న రాత్రి మరాడర్ మెర్వీల్ గుహ దగ్గరికి వచ్చాడు. లోపలికి వెళ్లే ముందు ఊరికి తిరిగి వచ్చి, ఆ అర తెరిచాను.